పిల్లల చేత తీపి ముద్దల బ్రెడ్ చేయించేదెలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మా పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు ఐదేళ్ళు నిండబోతున్నాయి. చిన్న చిన్న పిండి ముద్దలను వెన్నలోనూ చక్కెరలోనూ దొర్లించి, గిన్నెలో పేర్చి కాల్చే తీపి బ్రెడ్‌ను ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి చేయాలని ప్రయత్నించాను. పొద్దున పది గంటలకు పిండి కలిపి మూడు గంటల సేపు వంటింట్లోనే ఉంచాను. నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ముద్దలు చేసి, కేకు గిన్నె నిండా పేర్చి, ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) 200 డిగ్రీల వేడి మీద పెట్టాను. ఇరవై నిమిషాలకే పైన నల్లబడింది. లోపల పచ్చిగా ఉండిపోయింది, పుల్లటి వాసన కూడా వచ్చింది. పని మధ్యలో పిల్లలిద్దరూ పోట్లాడుకుని బాబు ఏడుపు మొదలుపెట్టాడు. మైదా, చక్కెర పిల్లలకు ఎందుకని మా అత్తగారు అడుగుతున్నారు. మేము గుడ్డు తినము. జూన్ నెలలో బాబు పుట్టినరోజుకు పది మంది పిల్లలు ఇంటికి వస్తారు. అప్పుడు కేకుకు బదులు దీన్నే చేయాలని నా కోరిక. సాధ్యమేనా?
— ఒక తల్లి, కావలి

సమాధానం:

అమ్మా, తప్పకుండా సాధ్యమే. మీరు రాసిన వివరాలన్నీ చదివాక నాకు తోచింది ఏమిటంటే, మీ చేతిలో లోపం ఏమీ లేదు. చల్లని దేశాల వంటిళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిన వేళలను మీరు మే నెల కావలిలో యథాతథంగా పాటించారు. రెండు మార్పులు చేసుకుంటే చాలు. పిండిని పొద్దున కాకుండా ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి నుంచి చివరి వరకు అన్ని పనుల్లోనూ పిల్లలను కూర్చోబెట్టకుండా, ముద్దలు చుట్టి, దొర్లించి, పేర్చే పనిని మాత్రం పూర్తిగా వాళ్ళకే వదిలేయండి. మిగిలినవన్నీ ఈ రెండింటి వెంటే చక్కబడతాయి.

మీరు చేయబోయిన ఈ బ్రెడ్‌ను అమెరికాలో మంకీ బ్రెడ్ అంటారు. హంగేరీలో పిండి ముద్దలను కరిగిన వెన్నలో ముంచి, చక్కెర, అక్రోటు పొడి చల్లుతూ పేర్చి కాల్చే వంటకం ఒకటి చాలా కాలంగా ఉంది; అక్కడి నుంచి వలస వెళ్ళిన కుటుంబాలతో పాటు అది అమెరికా చేరింది. 1980లలో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ రీగన్ శ్వేతసౌధంలో క్రిస్మస్‌కు దీన్ని చేయించడంతో పేరు మరింత పెరిగింది. ముద్దకు ముద్దకు మధ్య వెన్న, చక్కెర పొర అడ్డుగా ఉండటం వల్ల అవి పొంగి ఒకదానికొకటి ఆనుకున్నా పూర్తిగా కలిసిపోవు. కాలిన తర్వాత కత్తి అవసరం లేకుండా ఒక్కొక్కటిగా చేత్తో ఊడివస్తాయి. చిన్నపిల్లలకు ఇంతకంటే అనువైన బ్రెడ్ లేదని నేను గట్టిగా నమ్ముతాను. మామూలు బ్రెడ్‌కు పైభాగం నునుపుగా రావాలి, చపాతీ గుండ్రంగా రావాలి. దీనికి ఆ పట్టింపు ఏదీ లేదు. వంకర టింకర ముద్దలైనా పక్కపక్కన చేరి పొంగితే అందంగానే కనిపిస్తాయి.

మొదట ఆ పుల్లటి వాసన సంగతి చూద్దాం. ఈస్ట్ అనేది ప్రాణమున్న సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును, కొంత సారాను విడుస్తుంది. ఆ వాయువే పిండిని పొంగిస్తుంది. 25 నుంచి 28 డిగ్రీల మధ్య గంట, గంటన్నర పట్టే పని, రోహిణి కార్తెలో మన వంటిళ్ళలో ఉండే వేడికి ముప్పావు గంటలోపే పూర్తవుతుంది. మీరు మూడు గంటలు ఉంచారు. అంత సేపట్లో పిండి పొంగి, దిగిపోయి, సారా వాసన, పులుపు పట్టి, దాన్ని నిలబెట్టే జిగురు కూడా సడలిపోతుంది. అలా సడలిన పిండి ఓటీజీలో పెట్టినా మళ్ళీ లేవదు. అందుకే మన వాతావరణంలో గడియారాన్ని చూడటం మానేసి పిండిని చూడాలి. అంతకంటే తేలిక మార్గం, ఆ పొంగే పనిని ఫ్రిజ్‌కు అప్పగించడం. చల్లదనంలో ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది, రుచి బాగా వస్తుంది, వేళ తప్పుతుందన్న భయం ఉండదు. పైగా చల్లని పిండి చేతికి అంటుకోదు. ఐదేళ్ళు నిండని బాబుతో పని చేయించేటప్పుడు ఈ చివరి లాభం ఎంత పెద్దదో మొదటి ముద్దతోనే మీకు తెలుస్తుంది.

కొలతలు ఇవి. మైదా 400 గ్రాములు, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 250 మిల్లీలీటర్లు, చక్కెర 40 గ్రాములు, మెత్తబడిన వెన్న 40 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీ చెంచా, అంటే సుమారు 3 గ్రాములు, ఉప్పు ఒక టీ చెంచా. కొట్లో దొరికే వెన్నలో సాధారణంగా ఉప్పు ఉంటుంది కనుక అది వాడితే ఉప్పును ముప్పావు చెంచాకు తగ్గించండి. ఇంట్లో మజ్జిగ చిలికి తీసిన వెన్న అయితే తగ్గించనక్కరలేదు. గుడ్డు అవసరమే లేదు. ఈ బ్రెడ్‌కు మెత్తదనం పాల నుంచి, వెన్న నుంచి వస్తుంది కాబట్టి గుడ్డుకు ప్రత్యామ్నాయంగా పెరుగు, వంటసోడా వంటివేవీ కలపవద్దు. ఈస్ట్ ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. వేసవిలో కొట్లో వేడికి మగ్గిన ఈస్ట్ తేదీ దాటకపోయినా చచ్చి ఉండవచ్చు. అనుమానం ఉంటే పావు కప్పు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా చక్కెర, అర చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి. నురగ కడితే బతికున్నట్టు, నీళ్ళు అలాగే ఉంటే ఆ ప్యాకెట్‌ను పారేయవలసిందే. నీళ్ళు వేలికి చురుక్కుమనేంత వేడిగా ఉంటే మాత్రం మంచి ఈస్ట్ కూడా చచ్చిపోతుంది. ప్యాకెట్ విప్పాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకోండి.

రాత్రి పిల్లలు పడుకున్నాక పిండి కలపడం మంచిదని నా సలహా. మైదా, చక్కెర, ఈస్ట్, ఉప్పు పొడిగా కలిపి, చల్లని పాలు పోసి ముద్ద చేసి, పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఆ తర్వాత వెన్న వేసి పది, పన్నెండు నిమిషాలు బాగా మర్దించాలి. మొదట చేతికంతా అంటుకుని విసుగు పుట్టిస్తుంది. అప్పుడు పొడిపిండి చల్లాలన్న ఆశకు లొంగవద్దు, చల్లితే బ్రెడ్ గట్టిపడుతుంది. ఎనిమిదో నిమిషం దాటాక పిండి గిన్నె అంచులను వదిలి, బొబ్బట్లకు కలిపే పిండిలా మెత్తగా, సాగుతూ తయారవుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్ళ మధ్య మెల్లగా సాగదీయండి. వెంటనే తెగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పల్చని పొరగా సాగితే మర్దన చాలినట్టు. నూనె రాసిన పెద్ద డబ్బాలో పెట్టి మూత వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. పిండి రెండింతలు కావడానికి డబ్బాలో చోటు ఉండాలి. పిండి ముద్ద లోపలి వరకు చల్లబడటానికి గంటకు పైగానే పడుతుంది, ఆలోగా అది పొంగుతూనే ఉంటుంది. కాబట్టి మీరు పడుకోబోయే ముందు ఒకసారి మూత తీసి పిడికిలితో గాలి పోయేలా అణచండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు అలా ఉండవచ్చు. మరుసటి రోజు ఏదైనా పని తగిలినా, సాయంత్రం లోపల వాడుకుంటే పాడవదు.

పొద్దున ఎండ ముదరక ముందే, టిఫిన్ అయ్యాక పిల్లలను పిలవండి. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. ముద్దల ఆకారం ఎలా ఉన్నా ఫరవాలేదు కానీ పరిమాణం ఒకేలా ఉండాలి. ఒకటి గోలీ అంత, పక్కది లడ్డు అంత ఉంటే చిన్నది ఎండిపోయే సమయానికి పెద్దది పచ్చిగానే ఉంటుంది. మీకు లోపల పచ్చిగా ఉండిపోవడానికి సగం కారణం పెద్ద ముద్దలే. అందువల్ల పిండిని కోయడం మీ పని, చుట్టడం వాళ్ళ పని. పిండిని రెండు వేళ్ళ లావు పొడవాటి కడ్డీలుగా చేసి, ఒక్కొక్క ముక్క 20 గ్రాముల చొప్పున, పెద్ద ఉసిరికాయంత ఉండేలా కోయండి. ఈ కొలతకు 35 ముక్కల దాకా వస్తాయి. ఇంట్లో చిన్న తూకం యంత్రం ఉంటే మొదటి నాలుగైదు ముక్కలను పాప చేత తూయించండి. 20 రావలసిన చోట 24 వస్తే ఎంత గిల్లాలో తానే లెక్క చూసుకుంటుంది. కాగితం మీద తీసివేతలు చేయమంటే ముఖం ముడిచే పిల్లలు కూడా ఈ లెక్కను ఇష్టంగా చేస్తారు.

బాబుకు ముద్ద చుట్టడం చూపించేటప్పుడు రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కడం నేర్పవద్దు, ఆ వయసు పిల్లలు అలా చేస్తే అప్పచ్చి అవుతుంది. పీట మీద ముక్క పెట్టి, దాని మీద బాబు అరచేతిని గిన్నె బోర్లించినట్టు ఉంచి, పై నుంచి మీ చెయ్యి వేసి గుండ్రంగా తిప్పండి. నాలుగైదు చుట్లు తిరిగేసరికి అరచేతి కింద ముక్క బిగుసుకుని గుండ్రంగా అవుతున్నట్టు వాడికే తెలుస్తుంది. చెయ్యి ఎత్తి చూసి, తానే చేశానని నమ్మలేక మళ్ళీ మూసి తిప్పుతాడు. ఆ క్షణంలో మీరు చెయ్యి తీసేయండి. తర్వాత వచ్చేవి గుండ్రంగా ఉన్నా, కోలగా ఉన్నా, ఒక పక్క తోక వచ్చినా సరిచేయకండి. మీరు సరిచేసిన మొదటి ముద్దతోనే వాడికి ఆ పని మీద ఆసక్తి పోతుంది. ఈ వయసు పిల్లలు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి ఒక పని మీద కూర్చోలేరు. అదేమీ మొండితనం కాదు. పది ముద్దలు చుట్టి లేచిపోతే పోనివ్వండి, దొర్లించే వేళకు మళ్ళీ వస్తాడు.

ఇక పోట్లాట సంగతి. మీ ఇంట్లో గొడవ ఎందుకు వచ్చిందో మీరు రాయలేదు కానీ, ఒకే గిన్నె, ఒకే గరిటె ఇద్దరి మధ్య పెడితే ఏ ఇంట్లోనైనా గొడవ వస్తుంది. ఇద్దరికీ చెరొక పళ్ళెం, చెరి సగం ముక్కలు ముందే పంచండి. పెద్దది కదా సర్దుకుపొమ్మని పాపకు చెప్పవద్దు. దొర్లించే వేళ వచ్చేసరికి పనులను విడదీయండి. పాప ముద్దను కరిగించిన వెన్నలో తడిపి అందిస్తే, బాబు దాన్ని చక్కెర పొడి ఉన్న మూతల డబ్బాలో వేసి, మూత పెట్టి ఊపాలి. ఒకేసారి మూడు, నాలుగు ముద్దలు వేసి ఊపితే అన్నింటికీ సమానంగా పడుతుంది. ఆ డబ్బా ఊపే పనిని ఏ పిల్లవాడూ వద్దనడు. డబ్బా మూత గట్టిగా పట్టేదై ఉండాలని మాత్రం చూసుకోండి.

పై పూతకు కరిగించి చల్లార్చిన వెన్న గాని, నెయ్యి గాని 60 గ్రాములు, చక్కెర 80 గ్రాములు చాలు. చక్కెర స్థానంలో బెల్లం పొడి వాడితే రంగు, రుచి మరింత బాగుంటాయని నా అభిప్రాయం. తాటిబెల్లం దొరికితే ఇంకా మేలు. బెల్లాన్ని సన్నగా తురిమి, పళ్ళెంలో పరిచి, తేమ పోయేదాకా ఆరబెట్టి, జల్లించి వాడండి. ఇసుక పలుకులు, పీచు అందులో ఉంటే పంటికి తగిలి పిల్లలు ఉమ్మేస్తారు. అయితే బెల్లాన్ని పాలతో పాటు పిండిలో కలపవద్దు, పాలు విరిగే అవకాశం ఉంది. ఆ దేశాల్లో పై పూతకు దాల్చినచెక్క పొడి వాడతారు. మన పిల్లలకు ఆ ఘాటు నచ్చకపోతే యాలకుల పొడి ఒక చెంచా, రెండు చెంచాల ఎండుకొబ్బరి కోరు కలపండి. దాల్చినచెక్క వేయదలిస్తే దాన్ని కూడా పై పూతకే ఉంచండి, పిండిలో ఎక్కువగా కలిపితే ఈస్ట్ పనిని మందగిస్తుంది. ముద్దలను వెన్నలో నానబెట్టకూడదు, తడిస్తే చాలు. ఎక్కువైన వెన్న గిన్నె అడుగుకు చేరి కింది వరుసను తడిగా, బరువుగా చేస్తుంది. లోపల పచ్చిగా అనిపించడానికి అదీ ఒక కారణమే.

అక్రోటు పొడికి బదులు మనం వేయించిన వేరుశనగ పప్పును బరకగా దంచి వరుసల మధ్య చల్లుకోవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలు తినేదాంట్లో మాత్రం జీడిపప్పు, బాదం, వేరుశనగ గుండ్లను ఆ పళంగా వేయకూడదు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పుట్టినరోజుకు వచ్చే పిల్లల్లో ఎవరికైనా పప్పులు పడకపోవచ్చు కనుక, ఆ రోజు పప్పులు పూర్తిగా మానేయడమే నాకు మంచిదనిపిస్తుంది.

చేతిలో పిండి ఉంటే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గుడ్డు లేదు కాబట్టి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పచ్చి పిండిలో కూడా కడుపును పాడుచేసే సూక్ష్మజీవులు ఉండవచ్చు, కాల్చిన తర్వాతే అది తినదగినది అవుతుంది. వద్దు వద్దని వెంటపడటం కంటే, నోట్లో వేసుకోవడానికి పక్కన చిన్న గిన్నెలో బెల్లం ముక్కలో, ఎండుద్రాక్షో పెట్టి, ఇది తినేది, అది చుట్టేది అని మొదటే చెప్పండి. పని మొదలుపెట్టే ముందూ, ముగిశాకా సబ్బుతో చేతులు కడిగించండి.

గిన్నె విషయానికి వద్దాం. మధ్యలో గొట్టం ఉన్న అల్యూమినియం కేకు గిన్నె దొరికితే అదే వాడండి. నడుమకు కూడా వేడి చేరడం కోసమే దానికి ఆ గొట్టం పెడతారు. లేకపోతే 9 అంగుళాల వెడల్పు ఉన్న గుండ్రని గిన్నె మధ్యలో, వెలుపలి వైపు నెయ్యి రాసిన చిన్న స్టీలు గ్లాసును నిలబెట్టండి. ప్లాస్టిక్ పిడి గాని, రంగు పూత గాని లేని గ్లాసు కావాలి. గిన్నె లోపలంతా నెయ్యి పట్టించి, ముద్దలను గ్లాసు చుట్టూ రెండు వరుసలుగా, మధ్య మధ్య కాస్త ఖాళీ వదులుతూ పేర్చాలి. సగం ఎత్తు దాటకూడదు. మీరు గిన్నె నిండా పేర్చారు. అన్ని ముద్దలు ఒకదాని మీద ఒకటి పడితే నడుమ ఉన్నవాటికి వేడి అందేలోపు పైవి మాడిపోతాయి. పేర్చే పని పిల్లలదే కనుక, ఎంత ఎత్తు వరకు రావచ్చో గిన్నెకు బయట గుర్తు పెట్టి చూపండి.

పేర్చిన గిన్నెపై తడిబట్ట కప్పి మళ్ళీ పొంగనివ్వాలి. ఫ్రిజ్ చల్లదనం ఉంటుంది కాబట్టి మే నెలలో 40 నుంచి 50 నిమిషాలు, చల్లని రోజుల్లో గంటంబావు పట్టవచ్చు. ఒక ముద్దను తడి వేలితో మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి, మెల్లగా లేస్తూ కొంచెం గుర్తు మిగిలితే సిద్ధమైనట్టు, అసలు లేవకపోతే వేళ మించినట్టు. ఈ వ్యవధిలో పిల్లలు స్నానాలు చేసి ఆడుకోవచ్చు. వాళ్ళను గిన్నె దగ్గర కూర్చోబెట్టి ఎదురుచూడమనడం అనవసరం.

ఓటీజీని 175 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, గిన్నెను అడుగు నుంచి రెండో మెట్టులో పెట్టండి. మన ఇళ్ళల్లో ఉండే చిన్న ఓటీజీల్లో పై కడ్డీ గిన్నెకు చాలా దగ్గరగా ఉంటుంది. పాలు, చక్కెర ఉన్న పిండి త్వరగా రంగు తిరుగుతుంది కూడా. అందుకే 200 డిగ్రీల దగ్గర మీ బ్రెడ్ ఇరవై నిమిషాలకే నల్లబడింది. రంగును చూసి ఉడికిందని అనుకోకండి. ఇరవయ్యో నిమిషంలో పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పి, మొత్తం 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. తర్వాత గ్లాసు పక్కన, పై వరుసలో ఉన్న ఒక ముద్దను పట్టకారుతో పైకి లాగండి. విడివడే చోట తెల్లగా, దారాల్లా పొరలు పొరలుగా చిరిగితే ఉడికినట్టు. తడిగా మెరుస్తూ జిగటగా సాగితే మరో ఐదు నిమిషాలు అవసరం. వంటింటి థర్మామీటర్ ఉంటే నడుమ ముద్ద లోపల 90 డిగ్రీలు దాటాలి. ఆ పరీక్షించిన ముద్దను చల్లార్చి ఇద్దరికీ చెరి సగం ఇవ్వండి.

మధ్యాహ్నం కరెంటు పోవడం మనకు కొత్త కాదు. కాలుతుండగా పోతే తలుపు తెరవకండి. లోపలి వేడి కొంత సేపు నిలుస్తుంది, పది నిమిషాల్లో కరెంటు వస్తే అంత సమయం అదనంగా కలుపుకుంటే సరిపోతుంది. కోత ఏ వేళకు ఉంటుందో తెలిసిన రోజుల్లో దానికి గంట ముందే కాల్చడం ముగిసేలా చూసుకోండి.

కాలిన బ్రెడ్‌ను బయటికి తీసే పని, పళ్ళెంలోకి బోర్లించే పని పిల్లలు చేయకూడదు, ఆ సమయంలో వాళ్ళు వంటింట్లోనే ఉండకూడదు. ఈ ఒక్క చోట మాత్రం రాజీ పడవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. కరిగిన చక్కెర, బెల్లం మరిగే నీళ్ళ కంటే వేడిగా ఉండటమే కాక, చర్మానికి అతుక్కుని వదలవు. గిన్నెను తీశాక ఏడెనిమిది నిమిషాలు ఆగి, అంచుల వెంట కత్తి తిప్పి, పళ్ళెం మూతగా పెట్టి బోర్లించండి. అంతకంటే ఆలస్యమైతే పాకం గట్టిపడి గిన్నెకు పట్టుకుంటుంది. బోర్లించాక మరో ఇరవై నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వవద్దు. ఒకవేళ ఎవరికైనా కాలితే చల్లని నీళ్ళు 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, నెయ్యి, ఐసుగడ్డ ఏదీ పెట్టకూడదు. బొబ్బలు వచ్చినా, కాలిన చోటు పెద్దదైనా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే వేడిగా వస్తాయి. అందుచేత పని మొదలుపెట్టే ముందే రెండు బక్కెట్ల నీళ్ళు నీడన పట్టి ఉంచుకోండి.

మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయలేను. మైదా, చక్కెర, వెన్న కలిసిన పదార్థం రోజూ పిల్లలకు పెట్టేది కాదు. అయితే అరిసెలు, కజ్జికాయలు చేసుకున్నట్టే ఇదీ ఎప్పుడో ఒకసారి చేసుకునే తీపి అని, పాలలో ముంచుకుని రోజూ తినే బ్రెడ్ కాదని ఆమెకు చెప్పండి. మైదాలో మూడో వంతు తీసేసి గోధుమపిండి కలిపినా బ్రెడ్ బాగానే వస్తుంది. అప్పుడు రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పడతాయి, కాస్త తక్కువ పొంగుతుంది. మొత్తం గోధుమపిండితో చేస్తే మాత్రం పిల్లలు ఆశించిన మెత్తదనం రాదు, అలా చేయమని నేను చెప్పను. వీలైతే బెల్లం తురిమి ఆరబెట్టే పని అత్తగారికే అప్పగించి చూడండి. బెల్లం మంచిదో కాదో చూసి చెప్పడంలో ఆమెకు ఉన్న అనుభవం మనకు ఉండదు, మనవడు డబ్బా ఊపుతుంటే పక్కన ఉండటం ఆమెకూ ఇష్టంగానే ఉంటుంది.

చేసిన రోజే తినడం మంచిది. మిగిలితే మూత ఉన్న డబ్బాలో బయటే ఉంచి మరుసటి రోజుకు ముగించండి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మన వైపు మూడో రోజుకు బూజు పట్టే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెడితే బ్రెడ్ ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. అలా అయితే నాలుగు ముద్దలు విడదీసి, మూత పెట్టిన పెనం మీద చిన్న మంటపై రెండు నిమిషాలు వెచ్చబెడితే మళ్ళీ మెత్తబడుతుంది.

పుట్టినరోజు విషయం చివరకు వచ్చింది. మీ పిల్లలతో కలిపి పన్నెండు మంది అవుతారు. మనిషికి నాలుగు ముద్దల చొప్పున చూసినా 48 కావాలి, పెద్దవాళ్ళకు కూడా కావాలంటే పై కొలతకు రెండింతలు కలపండి. కానీ రెండింతల పిండిని ఒకే గిన్నెలో ఎత్తుగా పేర్చవద్దు. రెండు గిన్నెల్లో విడివిడిగా పేర్చి, ఒకదాని తర్వాత ఒకటి కాల్చండి. మొదటి గిన్నె పొంగుతున్నంత సేపు రెండో గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచితే అది మించి పొంగదు. మొదటిది తీయడానికి అరగంట ముందు దాన్ని బయటపెట్టండి. వచ్చిన పిల్లలందరి చేతా ఆ రోజే ముద్దలు చుట్టించాలన్న ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. ఇరవై చేతులను కడిగించి, వేడి ఓటీజీకి దూరంగా కాపలా కాయడం ఒక్క మనిషి వల్ల కాదు. ముద్దలు చుట్టడం, దొర్లించడం, పేర్చడం మీ పిల్లలిద్దరూ పొద్దున్నే చేస్తారు, మీరు మధ్యాహ్నానికి కాల్చి చల్లారుస్తారు. కొవ్వొత్తి నిలబెట్టడానికి గ్లాసు తీసిన చోట ఖాళీ ఉంటుంది; అందులో ఒక చిన్న గిన్నె పెట్టి, దానిలో బియ్యం పోసి కొవ్వొత్తి గుచ్చండి. కత్తితో కోసే పని లేదు కనుక, ఊదడం అయ్యాక బాబు చేత మొదటి ముద్ద ఊడదీయించి, మిగిలిన పిల్లలను ఇద్దరిద్దరుగా పిలవండి. పెద్దవాళ్ళలో ఒకరు పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడాలి. జూన్‌లోపు ఒకసారి, ఈ రాత్రి కలిపే పద్ధతిలోనే, ఒక గిన్నెతో ఇంట్లో చేసి చూడండి. మీ ఓటీజీకి 30 నిమిషాలు పడుతుందో 35 పడుతుందో అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.